తడి నుదురు

మా పాల్మాకులకు విమానాల కంటే ముందు చర్చి సిస్టర్లు వచ్చారు. నలుగురు కేరళ ఆడవాళ్లు, ఒక మందుల పెట్టె. యాభై ఏళ్లు కాన్పులు చేశారు. ఊళ్లో సగంమంది వాళ్ల చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. ఊరి తాగుబోతు కుర్మయ్య కూడా. ఆ ఒక్క తప్పు తప్ప వాళ్లను అనడానికి ఏమీ లేదు.

నేను మాత్రం అన్నాను. చివరికి మిగిలిన సిస్టర్ ఫిలోమిన కొందరు పసిగుడ్ల నుదుటి మీద మూడు చుక్కల నీళ్లు వేసి ఏదో గొణిగేది. ఆ పిల్లలు తెల్లారేసరికి పోయేవాళ్లు. ఆమె నీళ్లు వేస్తే పిల్లలు దక్కరని బోరింగు దగ్గర ఒక్కసారే అన్నాను. మిగతాది ఊరే చూసుకుంది. ఏడాదిలో సిస్టర్ల దవాఖానకు తాళం పడింది.

ఆమెను రైల్వే స్టేషన్‌లో దింపింది ఆటో గఫార్. సామానంతా ఒక్క ట్రంకు పెట్టె. నీళ్లు వేసినందుకు పిల్లలు పోలేదనీ, ఇక బతకరని తెలిసిన వాళ్లకే వేశాననీ దారిలో చెప్పిందట. ఆ పసివాళ్లను దేవుడికి అప్పగించే ప్రార్థన అది. బతికే బిడ్డ జోలికి ఆ నీళ్లు పోవు.

గఫార్ ఈ మాట నాకు చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు. నా జన్మలో దాచిన మాట అదొక్కటే.

నిన్నటికి మా కూతురు కవితకు కొడుకు పుట్టి తొమ్మిది రోజులు. శంషాబాద్‌లో కాన్పు. మూడు కిలోల బిడ్డ, గొంతు నాదే. సాయంత్రం స్నానం చేయించి, ఒళ్లు తుడిచి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టాను. అప్పుడే గఫార్ గడప దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఫిలోమినమ్మ పోయిందంట. పొద్దుగాల ఫోనొచ్చింది."

అయ్యో అన్నాను. అనాలి కదా.

ఇంటి మీదుగా విమానం దిగింది. రేకులు అదిరాయి. ఆ మోత తగ్గాక, లోపలి గదిలో సన్నగా గొణుగుడు...

వెళ్లాను. సాంబ్రాణి వాసన లేదు. ఆ పాత దవాఖాన ఫినాయిల్ వాసన. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన. కవిత గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ నిద్రపోతున్నాడు.

నుదుటి మీద తడి. మూడు చుక్కలు.

తుడిచాను.

మళ్లీ తడి...

"సిస్టరమ్మా," అన్నాను మెల్లగా, "వీడు మంచిగనే ఉన్నడు. జర చూడు. మంచిగనే ఉన్నడు."

కవిత లేచింది. "ఏందమ్మా, పిల్లగాన్ని గిట్ల తడుపుతున్నవ్?"

"నేను కాదే."

నా మాట నమ్మని మనిషి ఊళ్లో లేదు. కవిత నమ్మలేదు.

ఇంకోసారి తుడిచాను. ఇంకోసారి...

అన్నిసార్లు తుడిచిన గుడ్డను పిండి చూశాను. పొడిగా ఉంది.