ధనలక్ష్మికి వచ్చిన చెవుడు

సోమవారం పొద్దున్నే ఎదురింటి ఈశ్వరి గేటు దగ్గరకొచ్చి, గుడి మైకు ఒక్క క్షణం ఆగేదాకా ఓపిక పట్టి మరీ అరిచింది.

"ఒదినా! పాలు పొంగిపోతన్నాయేమో సూడు! మాడు వాసనొస్తన్నాది!"

వంటింట్లో ఉన్న ధనలక్ష్మికి ఆ కేక కన్నా ముందే పాలు చుయ్యిమనడం వినపడింది. స్టవ్ కట్టేసింది. రెండో కేక కూడా వచ్చేదాకా ఆగి, అప్పుడు "ఆఁ? ఏటీ?" అంటూ బయటికొచ్చింది. చెవిటివాళ్లు మొదటి కేకకే పలికితే బాగోదు.

నిజానికి ఆమె చెవులకి ఏ లోపమూ లేదు. కోడలు కాపురానికొచ్చిన ఏడాదే చెవుడు కూడా ఆ ఇంటికొచ్చింది. కొడుకు యుగంధర్ గదిలోంచి మొదటిసారి దెబ్బ చప్పుడు వినపడిన సాయంత్రం, అరసవల్లిలో ఆ వీధి వీధంతా అరుగుల మీదే ఉంది. ధనలక్ష్మి చేతిలో రిమోట్ ఉంది. ఆలోచించకుండా సౌండు పెంచేసింది. సీరియల్లో కూడా ఎవరో ఎవరినో కొడుతున్నారు కాబట్టి బయటివాళ్లకి తేడా తెలియలేదు. మర్నాడు ఈశ్వరి "అంత సౌండేటి అన్నయ్యా?" అని అడిగితే, ధనలక్ష్మి భర్త తిరుమలరావు తడుముకోకుండా "మీ ఒదినకి సెవుడొచ్చిందమ్మా" అనేశాడు. ఇరిగేషన్ ఆఫీసులో, కాలవ గట్టు ఎందుకు తెగిందో పైవాళ్లకి చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. ఆయనకి కారణాల కరువు లేదు.

వీధికి చెప్పాక ఇంట్లో మాత్రం ఎలా మానేస్తారు? కోడలు ఝాన్సీ కూడా నమ్మింది. నమ్మి, బాధపడి, స్కూల్లో లెక్కలు చెప్పుకుని తెచ్చుకునే జీతంలోంచి అత్తగారికి చెవి మిషన్ కొనిచ్చింది. ధనలక్ష్మి దాన్ని బ్యాటరీ తీసేసి పెట్టుకునేది. పెట్టుకున్నప్పుడు మామూలు కంటే కాస్త తక్కువ వినపడేది.

ఆ ఇంట్లో 'కొట్టాడు' అనే మాట ఎవరూ అనరు. 'వాడికి కాస్త కోపం' అంటారు. మరీ గట్టిగా కొట్టిన రోజైతే 'పని ఒత్తిడి' అంటారు. యుగంధర్ భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఎయిర్‌పోర్టు అయిపోతే కోపం కూడా అయిపోతుందని తిరుమలరావు ధీమాగా ఉండేవాడు. ఎయిర్‌పోర్టు కంటే ముందు ఝాన్సీ చెయ్యి విరిగింది. బాత్రూమ్‌లో జారిందని ఆసుపత్రిలో చెప్పారు. కట్టు విప్పగానే ఆ పిల్ల ఎచ్చెర్లలోని పుట్టింటికి వెళ్లిపోయి గృహహింస కేసు పెట్టింది.

ఆ కేసులో, ఇల్లు చూసి విచారించి రమ్మని కోర్టు చెబితే, ప్రొటెక్షన్ ఆఫీసరు ఇవాళ వస్తోంది. తన సర్టిఫికెట్లూ బట్టలూ తీసుకోవడానికి ఝాన్సీ కూడా ఆమెతో వస్తోంది.

"ఆవిడికి జీడిపప్పు పెడదామేటి?" అన్నాడు తిరుమలరావు ప్లేటు పట్టుకుని. "పెడితే లంచం అనుకుంటాది. పెట్టకపోతే పిసినారోళ్లం అనుకుంటాది."

"కేసుకీ జీడిపప్పుకీ సంబంధం ఏటి నాన్నా?" యుగంధర్ విసుక్కుని, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ తల్లి దగ్గరకొచ్చాడు. "అమ్మా, ఆవిడ అడిగితే ఏటంటావు?"

"ఈ ఇంట్లో ఏ గొడవా నేను విన్లేదండీ, అంటాను."

"అదీ! లాయరు సెప్పిందీ అదే. దానికి సాచ్చికం ఎవరూ లేరు. ఇంట్లో ఉన్న మనిషివి నువ్వు విన్లేదని సెప్పేస్తే అక్కడితో పోతాది."

చెవిటి మనిషి 'నేను వినలేదు' అని సాక్ష్యం చెప్పడంలో ఉన్న చిక్కు ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. చెవుడు సంగతి లాయరుకి ఎవరూ చెప్పలేదు మరి.

"ఆ పిల్ల సెయ్యి..." అంది ధనలక్ష్మి మెల్లిగా.

"బాత్రూమ్‌లో జారిందని డాక్టరుకి సెప్పింది నువ్వే కదేటి?"

అదీ నిజమే. ధనలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు తడిగా లేవు. అయినా చాలాసేపు తుడుచుకుంది.

ఆటో వచ్చి ఆగింది. ముందు ప్రొటెక్షన్ ఆఫీసరు భారతి, వెనకాల ఝాన్సీ దిగారు. ఝాన్సీ చిక్కిపోయింది. మొగుడి వైపూ మావగారి వైపూ చూడలేదు. తిన్నగా అత్తగారి దగ్గరకొచ్చి, చెవి దగ్గరకి వంగి గట్టిగా అరిచింది.

"అత్తయ్యా! బాగున్నారా? మిషన్ పనిచేస్తన్నాదా?"

ధనలక్ష్మి తలూపింది.

భారతి కుర్చీలో కూర్చుని, జీడిపప్పు ప్లేటుని ఒక్కసారి చూసి, పక్కకి జరిపింది. "చెప్పండమ్మా. వీళ్లిద్దరి మధ్య గొడవలు మీరెప్పుడైనా విన్నారా?"

"ఏ గొడవా విన్లేదండి" అన్నాడు తిరుమలరావు.

"ఆవిడ్ని అడిగానండి."

"ఆవిడికి వినపడదండి మరి."

"వినపడని మనిషి, గొడవ విన్లేదని ఎలా చెప్తారండీ?"

తిరుమలరావు జీడిపప్పు ప్లేటుని మళ్లీ ఆమె ముందుకి జరిపాడు. ఇన్నేళ్లలో కారణం దొరక్కపోవడం ఇదే మొదలు.

"మిషన్ పెడితే వినపడతాది మేడమ్" అని యుగంధర్ అందుకున్నాడు. "మా గదిలో గొడవే ఉంటే వినపడే ఉండును."

ఝాన్సీ తల అడ్డంగా ఊపింది. "లేదండీ. ఇంటికి ఎవరైనా వస్తేనే పెట్టుకుంటారు. ఈ విషయంలో అత్తయ్యని ఏమీ అనకండి మేడమ్. ఆవిడకి నిజంగానే వినపడదు. వినపడుంటే వచ్చి ఆపేవారు. నాకా నమ్మకం ఉంది."

ధనలక్ష్మికి తల మీద ఎవరో మొట్టినట్టయింది. కొడుకు పెట్టిన పరీక్షలో పాసవ్వడానికి ఆమె సిద్ధపడింది. కోడలు పెట్టుకున్న నమ్మకానికి ఏం సమాధానం చెప్పాలో తెలియలేదు.

అంతలో భారతి ఫోను మోగింది. "ఒక్క నిమిషం. నువ్వెళ్లి నీ సామాను తీసుకోమ్మా" అంటూ ఆమె వసారాలోకి వెళ్లింది. ఝాన్సీ గదిలోకి నడిచింది. బీరువా తాళం ఇస్తానంటూ యుగంధర్ ఆమె వెనకాలే వెళ్లాడు.

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఆఫీసరు ముందు మర్యాదగా ఉండదని ఇవాళ టీవీ పెట్టలేదు. గదిలోంచి యుగంధర్ గొంతు, బయటికి రాకూడదన్నంత తగ్గించిన గొంతు, ధనలక్ష్మికి మాటమాటా వినపడింది.

"కేసు ఎనక్కి తీసుకుంటావా, రెండో సెయ్యి కూడా అలాగే అవ్వాలా? స్కూలుకొచ్చి మరీ ఇరిసేస్తాను. ఎవడొస్తాడో సూస్తాను."

బీరువా తలుపు టక్కున మూసుకుంది.

ధనలక్ష్మి చెయ్యి దానంతటదే కదిలింది. సోఫా మీదున్న రిమోట్ అందుకుంది. వేలు సౌండు బటన్ మీదకి వెళ్లి ఆగింది. ఆ వేలిని ఆమె ఎవరిదో అన్నట్టు చూసింది.

"మేడమ్!" అని అరిచింది. "మేడమ్, లోపలికి రండి! నా కొడుకు ఆ పిల్లని బెదిరిస్తన్నాడు! రెండో సెయ్యి కూడా ఇరిసేస్తానంటన్నాడు!"

భారతి పరిగెత్తుకొచ్చింది. గది గుమ్మంలో యుగంధర్ ప్రత్యక్షమయ్యాడు. తిరుమలరావు కంగారుగా భార్య భుజం పట్టుకున్నాడు.

"ధనం! నీకు వినపడదు కదే!"

"వినపడతాది" అంది ధనలక్ష్మి. "ఎప్పుడూ వినపడతాది. ఎదురింటి ఈశ్వరి ఏటనుకుంటాదోనని భయపడి సెప్పాల్సిన మాట దాసీసినాం." భారతి వైపు తిరిగింది. "వీడు కొట్టేవాడండి. దెబ్బ పడినప్పుడల్లా నేను టీవీ సౌండు పెంచీదాన్ని. ఆ పిల్ల బాత్రూమ్‌లో జారలేదు. వీడే సెయ్యి మెలిపెట్టీసినాడు. డాక్టరుకి అబద్ధం సెప్పింది నేనే."

"నువ్వు నా తల్లివేనా?" అన్నాడు యుగంధర్.

"నీ తల్లిని కాబట్టే ఇన్నాళ్లూ సెవిటిదాన్నయ్యాను రా."

యుగంధర్ విసురుగా బైకు తీసుకుని వెళ్లిపోయాడు. తిరుమలరావు ప్లేటులోని జీడిపప్పుని చూస్తూ కూర్చుండిపోయాడు. కోర్టులో కూడా ఇదే చెబుతారా అని భారతి అడిగితే, ఎవరు వద్దన్నా చెబుతానంది ధనలక్ష్మి.

ఇంత జరిగినా ఝాన్సీ గది గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమెకి కావలసిన సాక్షి దొరికింది. ఆమె మొహం మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టుంది.

"చెయ్యి విరిగిన రోజు నేను 'అత్తయ్యా' అని పిలిచాను."

"విన్నానమ్మా."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ."

ఝాన్సీ సంచి భుజానికి వేసుకుని బయటికి నడిచింది. ఆటోలో భారతి ముందు డ్రైవరు పక్కన సర్దుకుంది, ఝాన్సీ వెనక కూర్చుంది. ధనలక్ష్మి చెప్పులు కూడా లేకుండా గేటు దాటి వచ్చి, ఆటో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఈశ్వరి తన అరుగు మీదనుంచి చూస్తోంది. చూడనీ అనుకుంది. అలా అనుకోవడం ఆమెకిదే మొదలు.

"నన్ను తిట్టీయమ్మా" అంది.

ఝాన్సీ తిట్టలేదు. చాలా మెల్లిగా మాట్లాడింది. కోడలి మామూలు గొంతు తనతో మాట్లాడి ఎన్నాళ్లయిందో ధనలక్ష్మికి గుర్తు రాలేదు. ఇన్నాళ్లూ ఆ పిల్ల తనతో అరిచి అరిచి మాట్లాడింది.

"ఒకరోజు మీరు చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, మీ పక్కన కూర్చుని నాకు భయమేస్తన్నాదని చెప్పాను. మీకు వినపడదు కదా, పైకి చెప్పుకుంటే బరువు తగ్గుతాదని. మీరు తలెత్తలేదు."

"ఎత్తితే నా కళ్లు సూసేస్తావని ఎత్తలేదు తల్లీ."

ఆటో స్టార్టయింది. ఝాన్సీ విరిగి అతికిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తూ, ఇంకా తక్కువ గొంతుతో అంది.

"నాకిప్పుడూ భయంగానే ఉంది."

ఆ ఇంజను చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడదు. ధనలక్ష్మికి వినపడింది.

"వస్తన్నానుండు" అంటూ ఆటో ఎక్కడానికి కాలు పైకి పెట్టింది.

ఝాన్సీ పక్క సీటు మీదున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.