ఇందుమతి చదివిన పడవ కథ

కాకినాడ ట్రాములో జనమంతా కళ్లు మూసుకుని చదువుకుంటున్నారు. ఒక్కొక్కరి నుదుటికీ సన్నని పఠనపట్టీ. కథ దాంట్లోంచి తిన్నగా మనసులోకి దిగుతుంది. రేవతి మాత్రం ఒళ్లో అక్షరరేకు పరచుకుని, వేలితో వరుసలు జరుపుకుంటూ కళ్లతో చదువుతోంది. ఎవరూ ఆమెను చూసి నవ్వలేదు. ఒకప్పుడు పట్టీవాళ్లకూ రేకువాళ్లకూ ఇళ్లలోనే తగవులయ్యేవి. విసిగిపోయిన లోకం చివరికి ఒక మర్యాద పెట్టుకుంది: ఎవరి చదువు వారిది, అడగకూడదు, చెప్పకూడదు.

రేవతి ఆ మర్యాద ఏనాడూ తప్పలేదు. భర్త పోయాక ఆడపడుచు ఇందుమతితో ఒకే ఇంట్లో ఉంటూ వచ్చింది. ఇందుమతికి పట్టీ అంటే ప్రాణం. ఆసుపత్రిలో కూడా తీసేది కాదు.

"వదినా, ఈ పడవ కథ ఎంత బాగుందో. చెప్పనా?" అంది ఆఖరి సాయంత్రం.

"నీ చదువు నీది ఇందూ. అలిసిపోతావు, పడుకో," అంది రేవతి, గౌరవంగానే.

తెల్లారేసరికి ఇందుమతి లేదు. నెల దాటినా రేవతికి ఏడుపు రాలేదు. కూర తరుగుతూ వేలు కోసుకుంటే, పీటమీద రక్తం చూసేదాకా తెలియలేదు.

ఆ రోజు ట్రాము దిగి రేవతి ఇల్లు చేరేసరికి, ఇందుమతి పట్టీ వెనక్కి తీసుకోవడానికి పట్టీల సంస్థ మనిషి సుదర్శనం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నడివయసు వాడు, నెమ్మదస్తుడు.

"ఇందులో ఆమె చదివిన పడవ కథ నేనొకసారి చదవచ్చా?" అని పట్టీ తెచ్చి అడిగింది రేవతి.

"చదవచ్చండి. కానీ పట్టీ ఎవరి మనసుకి తగ్గట్టు వారికి కథ అల్లుతుంది. ఆవిడకి అల్లింది ఆవిడతోనే పోయిందండి."

అయినా పెట్టుకుంది. పడవ కదిలింది. రేవు రేవతి పుట్టినూరిది. తెడ్డు వేస్తున్నది ఆమె తండ్రి. ఇందుమతి ఎక్కడా లేదు. రేవతి పట్టీ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆ కథ మీరు చదివారా?"

"చదివానండి."

"మీకెలా వచ్చిందో చెప్పండి."

సుదర్శనం నేలచూపులు చూశాడు. "అలా అడగకూడదు కదండీ."

"తెలుసు. అడుగుతున్నాను. కూర్చోండి."

అతను సంచీ కింద పెట్టి కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఒక పడవండి," అన్నాడు.

"ఊఁ."

"పడవ... అందులో మా అక్క..." ఆగిపోయాడు. "అంతా కళ్లముందే ఉందండి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు."

రేవతి అతనికెదురుగా కూర్చుంది.

"అక్క పేరేమిటి?" అంది.