సుద్దముక్కంత అడుగు

“అమ్మో, నీ ఏనుగు వచ్చేస్తోంది!” అంటూ లాయరు బల్ల మీదికి వంగింది.

లాయరంటే కోర్టుకెళ్ళే లాయరు కాదు. ఐదో తరగతి అమ్మాయి. ప్రతిదానికీ పాయింటు లాగుతుందని క్లాసంతా ఆ పేరు పెట్టారు. ఎదురుగా ఉన్నది ఆమె స్నేహితురాలు, టైలరమ్మ కూతురు. కుట్టు మిషన్‌లో తిరిగే చిన్న దారపు చుట్టలా గుండ్రంగా, చురుగ్గా ఉంటుందని దాన్ని అందరూ బాబిన్ అంటారు.

ఆదివారం మధ్యాహ్నం టైలరమ్మ మిషన్ ముందు కూర్చుంటే, బట్టలు కత్తిరించే బల్ల గంటన్నర ఖాళీ. అదే వీళ్ళ యుద్ధభూమి. చొక్కా గుండీలు సైనికులు. కోటు గుండీలు ఏనుగులు. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీలు రెండూ రాజులు. అవతలి రాజును ముట్టుకుంటే గెలిచినట్టు. ఆట కనిపెట్టింది బాబిన్. రూల్స్ కూడా తనే నోట్‌బుక్‌లో ఒక పేజీ రాసింది.

నాలుగు వారాలుగా లాయరు ఓడిపోతూనే ఉంది. ఇవాళా అలాగే ఉంది. ఏం చేయాలో తోచక నోట్‌బుక్ లాక్కుని చదివింది.

‘సైనికుడు వంతుకు ఒక అడుగు, ఏనుగు రెండు అడుగులు కదలాలి.’

అడుగంటే, బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క పొడవు. మొదటి రోజే ఇద్దరూ అలా అనుకున్నారు. అనుకున్నారే గానీ రాసుకోలేదు.

లాయరు టేపు తీసింది. పన్నెండు అంగుళాలు కొలిచింది. తన సైనికుణ్ణి ఏనుగుల పక్కనుంచి జర్రున జరిపి, బాబిన్ రాజుకు టక్కున తగిలించింది.

“అదేంటే!” అంది బాబిన్.

“ఒక అడుగు. అంటే పన్నెండు అంగుళాలు, లెక్కల పుస్తకంలోనే ఉంది. సుద్దముక్క అని ఎక్కడ రాశావో చూపించు!”

బాబిన్ పేజీ అటూ ఇటూ తిప్పింది. “రాయలేదు. సరే, నువ్వే గెలిచావు,” అంటూ గుండీలన్నీ డబ్బాలో వేసేసింది. పోట్లాడినా బాగుండేదని లాయరుకు అనిపించింది.

ఇంటికెళ్ళి తాతయ్యకు, “గెలిచా!” అని చెప్పింది. “ఎలా?” అని ఆయన అడిగేసరికి లాయరుగారికి మంచినీళ్ళు తాగే పని పడింది.

తరువాతి ఆదివారానికి నోట్‌బుక్‌లో పద్నాలుగు పేజీలు నిండాయి. ‘అడుగంటే సుద్దముక్క పొడవు. పొడవంటే వెడల్పు కాదు. సుద్దముక్కంటే అరిగినది కాదు, కొత్తది...’

లాయరు పకపకా నవ్వింది. బాబిన్ నవ్వలేదు.

ఆట మొదలైంది. లాయరు సుద్ద పెట్టినప్పుడల్లా బాబిన్ వంగి చూసేది. చెయ్యి కదిపితే చాలు, పేజీలు తిప్పేది. గంట గడిచినా ఆట తెమల్లేదు.

“ఎందుకే ఇన్ని రూల్స్?”

“నువ్వు ఎటునుంచి వస్తావో తెలీదుగా,” అంది బాబిన్, తల ఎత్తకుండానే. “వారమంతా అదే ఆలోచించా.”

లాయరుకు చాలా సిగ్గేసింది.

అప్పుడే చొక్కా కుట్టించుకోవడానికి బస్సు డ్రైవరు వచ్చాడు. టైలరమ్మ నడుముకు టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

“ముప్ఫై నాలుగే కదా?” అన్నాడు గర్వంగా.

“టేపైతే అలాగే అంటోందన్నా,” అంది టైలరమ్మ. “మరి ఆ చొక్కా వేసుకుని బస్సులో కూర్చోవాలా, వద్దా? ఊపిరి వదులు, మళ్ళీ కొలుస్తా.”

డ్రైవరు నవ్వేసి ఊపిరి వదిలాడు. ముప్ఫై తొమ్మిది.

లాయరు బల్లవైపు తిరిగింది. బాబిన్ ఏనుగు తన రాజుకు రెండు అడుగుల దూరంలోకి వచ్చేసింది. అలవాటుకొద్దీ చెయ్యి నోట్‌బుక్ మీదికి పోయింది. తొమ్మిదో పేజీలో దొరికింది: ‘బల్ల అంచు దాటిన గుండీ ఓడినట్టు.’

రాజు గుండీ కాదుగా! జేబులో వేసుకుంటే ఇక ఎవరు ముట్టుకుంటారు?

వేళ్ళు ఇత్తడి టోపీ దాకా వెళ్ళాయి. అక్కడే కాసేపు ఆగాయి.

“బాబిన్, తొమ్మిదో పేజీలో చిరుగుంది. కుట్టెయ్,” అంది. రాజు గుండీ కాదన్న సందు ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది.

బాబిన్ నోరు తెరిచింది. “చెప్పకపోతే నువ్వే గెలిచేదానివిగా!”

“ఊఁ. పెన్సిల్ కావాలా?”

బాబిన్ పెన్సిల్ అందుకుంది. మళ్ళీ ఏమనుకుందో, నోట్‌బుక్ మూసి పక్కన పెట్టేసింది.

“తర్వాత రాస్తాలే. నీ వంతు, ఆడు.”

లాయరు సుద్దముక్క పెట్టి తన సైనికుణ్ణి ఒక్క అడుగు జరిపింది. ఈసారి బాబిన్ వంగి చూడలేదు. ఏనుగు వచ్చి లాయరు రాజును ముట్టుకుంది.

“మళ్ళీ ఓడిపోయావే!”

“ఓడిపోయాలే. తొందరగా గుండీలు పేర్చు, ఇంకా పావుగంట ఉంది,” అంది లాయరు.