మలుపులో తీసిన కాలు

ఎర్ర కారు రెండు పల్టీలు కొట్టి, మిరప చేలో మళ్ళీ చక్రాల మీదే నిలబడింది.

టాపు నలిగింది. అద్దాలు ఒక్కటీ మిగల్లేదు. స్టీరింగు ముందు, సీటు బెల్టు పెట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి కూర్చున్నాడు షేక్ బుడే. వయసు ముప్పై నాలుగు. స్పోర్ట్స్ కార్ల మెకానిక్. గుంటూరు నుంచి ఒంగోలు దాకా అలాంటి కార్లకి చెయ్యి పెట్టగలిగినవాడు అతనొక్కడే.

ప్రాణం లేదు.

2004 ఫిబ్రవరి 17, మంగళవారం. ఉదయం 8:40.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఇమ్మానియేలు జీపు దిగి ముందు శవాన్ని చూశాడు. తర్వాత రోడ్డెక్కాడు. చిలకలూరిపేట దాటాక కొత్తగా వేసిన నాలుగు వరసల హైవే అది. ఇంకా ట్రాఫిక్‌కి వదలని ఆరు కిలోమీటర్ల ముక్క. అంతా తిన్నగా ఉంటుంది. సుబాబుల్ తోట పక్కన ఒక్కచోట మాత్రం వంపు తిరుగుతుంది. కారు పల్టీ కొట్టింది అక్కడే.

రోడ్డు మీద టైర్ల నల్లటి గీతలు విల్లులా వంగి ఉన్నాయి. వెనక లైటు ముక్కలు రోడ్డు అంచునే పడ్డాయి. ముందు లైటు గాజు ముప్పై అడుగులు అవతల చేలో ఉంది.

"యలమందా, ఫొటోలు తీయించు. ముందు గీతలు. తర్వాతే కారు" అన్నాడు కానిస్టేబుల్‌తో.

రోడ్డు పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు కోటేష్, గుంటూరు మిర్చి ఎక్స్‌పోర్టర్. ఎర్ర కారు అతనిదే. రెండోవాడు పున్నారావు, సత్తెనపల్లి పత్తి జిన్నింగు మిల్లు ఓనరు. పక్కనే ఆగి ఉన్న తెల్ల కారు అతనిది. రెండూ విదేశాల నుంచి దించుకున్నవే. ఎవరి కారు గొప్పదన్న పంతం వాళ్ళిద్దరి మధ్య రెండేళ్ళుగా నడుస్తోంది.

"ఏం జరిగింది?"

"పోటీ కాదు సార్, టెస్టు. హైదరాబాదు నుంచి కార్ల పత్రిక అమ్మాయి వచ్చింది. రెండు కార్లనీ పోల్చి రాస్తానంది. రెండూ బుడేనే నడిపాడు" అన్నాడు కోటేష్.

"ఎన్నింటికి పడింది?"

"ఎనిమిదీ అయిదు."

"ఫోన్ ఎప్పుడు చేశారు?"

"ఎనిమిదీ పదికి. అయిదు నిమిషాల్లో చేశాం. అప్పటికే పోయాడు సార్. అక్కడికక్కడే."

"కార్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఒక్కడే" అన్నాడు పున్నారావు. అంతవరకూ అతను నోరు విప్పలేదు. "రాత్రి మందు కొట్టినట్టున్నాడు సార్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి పొద్దున."

ఇమ్మానియేలు నోట్ చేసుకున్నాడు. పున్నారావు మెడ తిప్పకుండా, ఒళ్ళంతా తిప్పి మాట్లాడటం కూడా చూశాడు.

*

మిరపకాయలు కోసే కూలీలు గట్టు మీద గుంపుగా కూర్చున్నారు. కారుని అందరికంటే ముందు చూసింది సుబ్బరావమ్మ అన్నారు. అరవై దాటిన మనిషి. చేతిలో ఖాళీ చెంబు పట్టుకుని ఉంది.

"నువ్వు వచ్చేసరికి ఎంతయింది అమ్మా?"

"టైము నాకేం తెలుసు బాబూ. పాల వ్యాను ఊళ్ళోకొచ్చాక బయల్దేరా. నడిచొచ్చా."

పాల వ్యాను ఊళ్ళోకి వచ్చేది ఏడున్నరకి. నడక పావుగంట. ఇమ్మానియేలు పెన్ను ఆగింది.

"అంటే ఎనిమిది కూడా కాలేదు. అప్పటికే కారు పడిపోయి ఉందా?"

"పడే ఉంది. ఆ ఇద్దరు బాబులూ పక్కనే ఉన్నారు. లోపలి అబ్బాయి గొంతు కదిలింది బాబూ. మింగుతున్నట్టు. నీళ్ళు పడదామని చెంబు తీసుకెళ్ళా. ఆ తెల్లకారు బాబు అడ్డమొచ్చాడు. పోయాడమ్మా, ముట్టుకోకు, పోలీసు కేసయిద్ది అన్నాడు." ఆమె చెంబు వైపు చూసింది. "భయమేసి ఎనక్కొచ్చా. ముట్టుకోవాల్సింది."

*

పత్రిక రిపోర్టర్ అఖిల మధ్యాహ్నం స్టేషన్‌కి వచ్చింది. ఇరవై ఏడేళ్ళుంటాయి. ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చింది. బల్ల మీద నోట్‌బుక్, సెల్‌ఫోను, చిన్న టేప్‌రికార్డర్ పెట్టింది.

"మీరెక్కడున్నారు ఆ టైములో?"

"గుంటూరు వైపు చివర. వాళ్ళిద్దరూ రెండు కార్లతో ఒంగోలు వైపు చివర. మధ్యలో ఆరు కిలోమీటర్లు. తోట అడ్డం, నాకేం కనపడదండి. కారు బయల్దేరినప్పుడు, చేరినప్పుడు ఫోన్లో చెప్పుకుంటున్నాం."

నోట్‌బుక్ తెరిచింది. తెల్ల కారు 7:05కి బయల్దేరి వచ్చింది, రెండు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. తిరిగి వెళ్ళింది, రెండు నలభై ఎనిమిది. ఎర్ర కారు 7:15కి బయల్దేరి వచ్చింది, రెండు నలభై. తిరిగి వెళ్ళింది, రెండు ముప్పై ఎనిమిది.

"ఎర్ర కారే ఇంకోసారి వస్తున్నట్టు 7:26కి కోటేష్ గారు ఫోన్ చేశారు. ఇక రాలేదు. 7:31కి మళ్ళీ ఫోన్. టైరు పోయింది, ఈరోజుకి చాలు, మీరు గుంటూరు వెళ్ళిపోండి అన్నారు. నిజమే అనుకుని వెళ్ళిపోయాను."

సెల్‌ఫోనులో నంబరూ టైమూ ఉన్నాయి. 7:31.

పోలీసులకి ఫోన్ వచ్చింది 8:10కి. మధ్యలో ముప్పై తొమ్మిది నిమిషాలు.

"అమ్మాయీ, నేను ఇరవై ఆరేళ్ళుగా జీపు నడుపుతున్నా. ఈ కార్లంటే నాకు ఓనమాలు తెలియవు. రెండిటికీ తేడా ఏంటి?"

"నాకంటే బుడే గారే బాగా చెప్పారండి. నిన్న సాయంత్రం షెడ్డులో." ఆమె బటన్ నొక్కింది.

చనిపోయిన మనిషి గొంతు గదిలో వినపడింది. ఉత్సాహంగా, కాస్త బొంగురుగా.

"రెండూ మంచి బళ్ళే మేడమ్. తెల్లదానికి ఇంజను ముందుంది, ముందు చక్రాలే లాగుతయ్. మలుపులో స్పీడెక్కువైతే ముక్కు బయటికి పోద్ది. యాక్సిలేటర్ మీద కాలు తీస్తే చాలు, బుద్ధిగా లోపలికొచ్చుద్ది. కొత్తోడైనా బతికిపోతాడు. ఎర్రది అట్టా కాదు. ఇంజను ఎనకమాల, బరువంతా ఎనకే. మలుపులో రోడ్డుకి అతుక్కుపోయుంటది, దీని ముందు తెల్లది ఆగదు. కానీ భయపడి కాలు తీశారా, అయిపోయినట్టే. బరువు ముందుకొచ్చుద్ది, ఎనక చక్రాలు తేలిపోతయ్, తోక తిరిగి ముందుకొచ్చుద్ది. కోటేష్ గారికి ఈ ఒక్కటీ నేర్పడానికి ఆర్నెల్లు పట్టింది నాకు."

నవ్వు. ఆ వెనక ఎవరో ఆడమనిషి అన్నానికి పిలుస్తోంది. టేపు ఆగింది.

రోడ్డంచున పడ్డ వెనక లైటు ముక్కలు ఇమ్మానియేలు కళ్ళ ముందు మెదిలాయి. కారు చేలోకి తోక ముందుగా దిగింది. అంటే మలుపులో ఎవరో కాలు తీశారు.

బుడే తీస్తాడా?

*

బుధవారం ఉదయం 11 గంటలకి పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. ఒంట్లో మద్యం లేదు. పొట్ట లోపల ప్లీహం పగిలి రక్తం పోయింది. నిదానంగా పోయింది. దెబ్బ తగిలాక అరగంట పైనే బతికి ఉండాలని రాశాడు డాక్టరు. ఛాతీ మీద సీటు బెల్టు ఒరుసుకున్న కమిలిన గీత: ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా.

ఆ వాక్యాన్ని ఇమ్మానియేలు ఒకసారి చదివి దాటిపోయాడు. బయటికొచ్చి జీపెక్కి, బెల్టు లాగబోయి ఆగాడు. మళ్ళీ లోపలికెళ్ళి అదే వాక్యం చదివాడు.

అప్పుడు సత్తెనపల్లికి ఫోన్ చేశాడు. పున్నారావు మీద పాత కేసు ఉంది. కిందటేడు సైకిలు మీద పోతున్నవాణ్ణి గుద్దాడు. లైసెన్సు రద్దయింది. కేసు కోర్టులో ఉంది.

*

గురువారం ఉదయం 10 గంటలు. అదే రోడ్డు.

కోటేష్, పున్నారావు, అఖిల వచ్చారు. తెల్ల కారు కూడా వచ్చింది.

"చిన్న పని" అన్నాడు ఇమ్మానియేలు. "మీరిద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఈ కారుని ఆ మలుపులో తిప్పాలి. నూట పది దాటొద్దు. నేను పక్కన కూర్చుంటా."

"నాకు లైసెన్సు లేదు సార్" అన్నాడు పున్నారావు.

"తెలుసు. రోడ్డు మూసే ఉంది. నడపండి."

ముందు కోటేష్ నడిపాడు. మలుపు వచ్చింది. కారు ముక్కు బయటికి జరిగింది. అతను స్టీరింగు ఇంకాస్త తిప్పాడు. ఇంజను చప్పుడు మారలేదు.

తర్వాత పున్నారావు. మలుపు వచ్చింది. ముక్కు బయటికి జరిగింది. ఇంజను చప్పుడు ఒక్కసారిగా తగ్గింది. కారు బుద్ధిగా లోపలికి వచ్చింది.

ఇద్దరినీ దించి రోడ్డు మీద నిలబెట్టాడు ఇమ్మానియేలు.

"బాగా నడిపారు పున్నారావు గారూ. నేను రోడ్డు చూడలేదు. మీ కాలు చూశాను. మలుపులో ముక్కు పక్కకి పోగానే మీ కాలు దానంతటదే లేస్తుంది. ఈ కారుకి అది సరైన పనే. రెండేళ్ళ అలవాటు. ఎర్ర కారుకి అదే చావు."

"ఏం మాట్లాడుతున్నారు సార్? ఎర్ర కారు నేనెందుకు తోల్తా?"

"ఎందుకో మీరే చెప్పాలి. మంగళవారం ఈ మలుపులో ఎర్ర కారు తోక తిరిగింది. అంటే నడిపేవాడు కాలు తీశాడు. బుడే తియ్యడు. తియ్యకూడదని ఊరందరికీ నేర్పినవాడు. కోటేష్ గారికీ నేర్పాడు, ఇప్పుడే చూశాం. మిగిలింది ఎవరు?"

"కాలు తీస్తే హంతకుడైపోతాడా? కోర్టులో నవ్వుతారు."

"నిజమే. కాలు సాక్ష్యం చెప్పదు. బెల్టు చెప్తుంది." ఇమ్మానియేలు రిపోర్టు తీశాడు. "ఎర్ర కారులాగా స్టీరింగు కుడి వైపు ఉండే కార్లో డ్రైవరుకి బెల్టు కుడి భుజం మీంచి వస్తుంది. పక్క సీట్లో మనిషికి ఎడమ భుజం మీంచి. బుడే ఒంటి మీద గీత ఎడమ భుజం నుంచి ఉంది. పల్టీ కొట్టినప్పుడు అతను పక్క సీట్లో ఉన్నాడు. తర్వాత ఎవరో లాగి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. బెల్టు కూడా పెట్టారు. జాగ్రత్తగల మనుషులు."

"పున్నారావు గారూ, చొక్కా గుండీలు విప్పండి."

"నేను విప్పను."

"ఇక్కడ విప్పకపోతే డాక్టరు ముందు విప్పుతారు. మెడ తిరగట్లేదు మీకు. మంగళవారం నుంచి చూస్తున్నా."

పున్నారావు చేతులు కాలరు దాకా వెళ్ళి ఆగిపోయాయి. యలమంద ముందుకొచ్చి రెండు గుండీలు విప్పాడు. కుడి భుజం నుంచి ఛాతీ మీదుగా నడుము వైపు, నాలుగు వేళ్ళ వెడల్పున, నల్లగా కమిలిన గీత.

అఖిల ముఖం తిప్పుకుంది.

"నేను చెప్పా సార్" అన్నాడు కోటేష్. "ఆస్పత్రికి తీసుకుపోదామని చెప్పా. వీడే ఆగమన్నాడు. పాత కేసుంది, ఇది కూడా పడితే జైలే అన్నాడు."

"ఒరేయ్, తాళాలిచ్చింది నువ్వు! బుడే టైము కొట్టి చూపించరా అని రెచ్చగొట్టింది నువ్వు! లైసెన్సు లేనోడికి బండిచ్చావని నీ మీద కూడా కేసు అవుద్దని నువ్వనలా?"

"బుడే ఏమన్నాడు?" అని అడిగాడు ఇమ్మానియేలు.

"మలుపులో" అన్నాడు పున్నారావు. "కాలు తియ్యొద్దు సార్, తియ్యొద్దు అని అరిచాడు."

"పడ్డాక?"

కోటేష్ నేలకేసి చూస్తూ అన్నాడు. "ఇంటికి ఫోన్ చెయ్యమన్నాడు."

ఇమ్మానియేలు తెల్ల కారు బానెట్ మీద చెయ్యి వేశాడు. ఇంకా వేడిగా ఉంది.

"పేట ఆస్పత్రి ఇక్కణ్ణుంచి నా జీపులో పన్నెండు నిమిషాలు. ఈ కారులో ఆరు. జిల్లా మొత్తం మీద ఇంత వేగంగా పోయే బండి ఇంకోటి లేదు. అది బుడే పక్కనే నిలబడి ఉంది. ముప్పై తొమ్మిది నిమిషాలు." అతను చెయ్యి తీసేశాడు. "యలమందా, ఇద్దర్నీ జీపెక్కించు."

*

బుడే షెడ్డు చిలకలూరిపేటలో ఇంటికి ఆనుకునే ఉంది. సాయంత్రం 4:30కి ఇమ్మానియేలు వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. బయట బల్ల మీద నలుగురైదుగురు మగవాళ్ళు టీ తాగుతూ ఏదో అనుకుంటున్నారు. అతన్ని చూసి ఆపేశారు. 'మందు' అన్న మాట మాత్రం చెవిన పడింది.

లోపల బుడే భార్య రహిమున్నీసా చాప మీద కూర్చుని ఉంది. లేవబోతే వద్దన్నాడు.

"మీ ఆయన కారు నడపలేదమ్మా. పక్కన కూర్చున్నాడు. తాగలేదు. తప్పు చెయ్యలేదు. నడిపినవాణ్ణీ, దాచినవాణ్ణీ పట్టుకున్నాం."

ఆమె వింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

"అక్కడికక్కడే పోయాడన్నారండి. బాధ తెలీకుండా పోయాడన్నారు. నిజమేనా?"

ఇమ్మానియేలు గోడ వైపు చూశాడు. అవునంటే సరిపోతుంది. కానీ ఆరునెలల తర్వాత అసలు నిజం కోర్టులో, నిండు జనంలో, నల్లకోటు నోటి నుంచి వింటుంది.

"కాదమ్మా. అరగంట పైనే ఉన్నాడు. వాళ్ళు తీసుకెళ్ళలేదు. మీకు ఫోన్ చెయ్యమని అడిగాడు."

ఆమె ఊపిరి పెద్దగా వినపడింది. ఒకసారి, రెండుసార్లు. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఫోను నా పక్కనే ఉందండి ఆ పొద్దున" అంది. "ఇప్పుడు చెప్పినదంతా ఇంకోసారి చెప్తారా సార్?"

"చెప్తానమ్మా. అర్థం కానిదేమైనా..."

"నాకు కాదండి." ఆమె లేచి నిలబడింది. "మూడు రోజుల్నుంచి బయట కూర్చుని తాగి పడ్డాడు, తాగి పడ్డాడు అంటున్నారు. నా పిల్లలు వింటున్నారు. షట్టరు పైకెత్తుతా. అక్కడ నిలబడి చెప్పండి. గట్టిగా చెప్పండి."

ఆమె రెండు చేతులతో షట్టరు పైకి లేపింది. బల్ల మీది మనుషులు ఉలిక్కిపడి చూశారు. ఇమ్మానియేలు టోపీ సరిచేసుకుని గడప దాటాడు. బుడే పేరుతో మొదలుపెట్టి, మొత్తం మళ్ళీ చెప్పాడు. రోడ్డు అవతల వాళ్ళు కూడా ఆగి వినేంత గట్టిగా.