గడ్డకట్టని బాటిల్

ఎడారి పట్టణం రుస్తాఖ్‌లో మొదటి సాక్షి మంచినీళ్లు తాగి చచ్చాడు. విదేశీ ముఠా గోడౌన్‌లో ఆయుధాల పెట్టెలు దించుతుండగా కళ్లారా చూసినవాళ్లలో ఇక మిగిలింది బహ్లా లేబర్ క్యాంపులోని సురేందర్ ఒక్కడే.

"సురేందర్ బతకాలి. మిగతావాళ్లు మనకు అనవసరం," అన్నాడు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటు చీఫ్ ఇనాయత్. ఏజెంట్ వీరబ్రహ్మం ఊడ్చేవాడి వేషంలో క్యాంపు మెస్‌లో చీపురు పట్టాడు.

ఆ పొద్దున డ్యూటీ బస్సు హారన్ కొడుతుండగా గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. అందులో జువేరియా. ముఠాకు కెమిస్టు, మన డిపార్ట్‌మెంటుకు ఇన్‌ఫార్మర్, ఇద్దరినీ అమ్ముకు తినే అందగత్తె. అద్దంలో లిప్‌స్టిక్ సరిచూసుకుంటూ "నిజ్వా ఖర్జూరం" అని కోడ్ చెప్పింది. ఫ్రీజర్‌లో ఉన్న సురేందర్ బాటిల్లో విషం తనే కలిపిందట. తాగినవాడు సాయంత్రం దాకా కేకలు పెడతాడని చెప్పి నవ్వింది కూడా. ఆఖరి నిమిషంలో చెప్పడం కావాలనే. వాడు బతికితే మనం మెచ్చుకుంటాం, చస్తే ముఠా మెచ్చుకుంటుంది. వీరబ్రహ్మానికి ఆమె పీక పిసకాలనిపించింది. ఎంత కలిపారని మాత్రం అడిగి, బస్సు వైపు పరిగెత్తాడు.

పరుగులోనే లెక్క కట్టాడు. వాసన పట్టే వీల్లేదు, ఆ విషం గాల్లోకి ఆవిరే కాదు, వేపర్ ప్రెషర్ దాదాపు సున్నా. ఫ్రీజింగ్ పాయింట్ మాత్రం అబద్ధమాడదు. నీళ్లలో ఏది కరిగినా, గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చల్లదనం కావాలి. ఆమె చెప్పిన మోతాదుకు మైనస్ పదకొండు డిగ్రీలు. క్యాంపు ఫ్రీజర్ మైనస్ ఎనిమిది దాటదు. మిగతా బాటిళ్లన్నీ రాయిలా గడ్డకట్టినా విషపుది నీళ్లలాగే ఉండాలి.

బస్సెక్కి సురేందర్ చేతిలో బాటిల్ లాక్కున్నాడు. గట్టి మంచు.

"ఇది నీదేనా?"

సురేందర్ తల గోక్కున్నాడు. "నాది గడ్డ కట్టలేదన్నా. అండ్లనే ఇడిసిపెట్టి ఇంకోటి తీస్కున్న."

వీరబ్రహ్మం బస్సంతా కళ్లతో వెతికాడు. ఈ ఎండల్లో సైట్‌కి మంచు కట్టని బాటిల్ ఎవడూ తీసుకెళ్లడు. ముందొచ్చినవాడు గట్టిది ఏరుకుంటాడు, ఆఖరున వచ్చినవాడికి మిగిలిందే గతి. ఈ సంగతి విషం కలిపిన జువేరియాకీ తెలియదు, లెక్క కట్టిన తనకీ ఇప్పటిదాకా తట్టలేదు. రోజూ ఆఖరున వచ్చేది ఎవరో మాత్రం మెస్ ఊడ్చేవాడికి బాగా తెలుసు. మోకాళ్ల నొప్పుల పోచన్న.

వెనక సీట్లో పోచన్న మూత తీసి బాటిల్ ఎత్తాడు. వీరబ్రహ్మం అంత దూరం నుంచి దూకి చేత్తో కొట్టాడు. బాటిల్ కిందపడి నీళ్లన్నీ ఒలికాయి. పోచన్న పెదవి చిట్లింది.

"నీకేం పాపం చేసిన్రా?" అన్నాడు ముసలాయన, నెత్తురు తుడుచుకుంటూ.

బస్సులో ముఠా మనిషి ఎవడైనా ఉండొచ్చు. నిజం చెప్పే వీల్లేక వీరబ్రహ్మం వంగి ఖాళీ బాటిల్ ఏరుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి సురేందర్ మనవాళ్లకు గోడౌన్ చూపించాడు. ముఠాతో పాటు జువేరియాకీ బేడీలు పడ్డాయి. ఇనాయత్ ఫోన్ చేశాడు.

"సురేందర్ క్షేమమేనా?"

"క్షేమమే సార్. పోచన్న కూడా."

"పోచన్నెవరు?"

ముసలోడి నోటికాడి నీళ్లు నేలపాలు చేసినందుకు ఆ సాయంత్రమే కంపెనీ వీరబ్రహ్మాన్ని పనిలోంచి పీకేసింది. ఫిర్యాదు చేసింది పోచన్నే.