నడిచొచ్చే బరువు

సుభాషిణి చెప్పులు విడిచి, వంతెన కొసన వట్టికాళ్లతో నిలబడి కళ్లు మూసుకుంది. వంతెన ఒంట్లో వేలాది నాడీతంతులున్నాయి. ఏ దూలం ఎంత వంగిందో, ఏ కీలు ఎంత వేడెక్కిందో అవి క్షణక్షణం, దేశంలోని వంతెనలన్నింటి లెక్కలూ చూసే యంత్రబుద్ధి తూనికకు చేరవేస్తూనే ఉంటాయి. అయినా రోజూ పొద్దున్నే ఇలా ఒకసారి అరికాళ్లతో పలకరించకపోతే ఆమెకు పని మొదలైనట్టే ఉండదు. ఇవాళ నాడి గంతులు వేస్తోంది. అది వంతెనదో తనదో ఆమెకే తెలియలేదు.

ఇవాళ వంతెన కలుస్తుంది మరి!

గోదావరి పాయకు ఒక పక్క మెరక, ఇంకో పక్క తుమ్మెదలంక. రెండు ఒడ్ల నుంచీ రెండు చేతులు నీళ్ల మీదికి చాచుకుని వచ్చి, నడిమధ్యన నాలుగు బారల ఎడంలో ఆగి ఉన్నాయి. రెండూ వెదురు ఉక్కుతో కట్టినవే. ఆ వెదురు లంక పొలాల్లోనే పెరిగింది. ఉడికించి, పిండి, జిగురు పట్టించి అచ్చుల్లో వేస్తే ఉక్కుకు తీసిపోని దూలాలయ్యాయి, బరువు మాత్రం ఉక్కులో పావువంతు. పగుళ్లు పడితే లోపల నిద్రపోతున్న సున్నపుగింజలు లేచి వాటంతట అవే పూడ్చేస్తాయి. మిగతా మరమ్మతులు చీమలవి. బొటనవేలంత మరచీమలు రేయింబవళ్లు దూలాల మీద పాకుతూ, మరలు బిగిస్తూ, తుప్పు నాకుతూ తిరుగుతుంటాయి.

తాళ్లు, కీళ్లు మాత్రం దేశపు ఉక్కు భాండారం నుంచి వచ్చాయి. ఇంతకుముందు ఇంకేవో వంతెనల్లో కొలువు చేసి, ఇక్కడికి బదిలీ అయినవి. దేశంలో కొత్త ఉక్కు కరిగించడం మానేసి రెండు తరాలు దాటింది. ఉన్నదాన్నే తిప్పి తిప్పి వాడుకోవాలి. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది తూనిక తేలుస్తుంది. దానికి పక్షపాతం లేదు. ఆ మాటకొస్తే జాలీ లేదు. వరదలోపు కలవని వంతెన సామానంతా వాపసు వెళ్లిపోతుంది. మళ్లీ తుమ్మెదలంక వంతు రావాలంటే పుష్కరం పట్టినా పట్టవచ్చు. అప్పటికి వంతెన ఎక్కడానికి లంకలో మనుషులుండరు. వరద వస్తే దారి తెగిపోయే ఊళ్లను తూనిక ఖాళీ చేయిస్తోంది, ఈ ఊరి పేరు ఆ జాబితాలో చేరి రెండేళ్లయింది. వంతెన కలిస్తేనే ఆ పేరు కొట్టేస్తారు.

"శుభోదయం," అంది తూనిక ఆమె చెవిలో. "లంక వైపు చెయ్యి మెరక వైపు చేతి కన్నా బెత్తెడు ఎత్తులో ఉంది."

"ఉండాలనే కట్టాం. కొసన నీటిసంచి నిండితే దిగుతుంది."

"నీటిసంచి నిండదు. పంపు ఆగిపోయింది."

సుభాషిణి చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పరుగెత్తింది. పంపు దగ్గరికి వెళ్లి వంగి చూసింది. ఎగువన ఎక్కడెక్కడి కాలువల్లోనో పెరిగిన గుర్రపుడెక్క అంతా వరదకు ముందే కొట్టుకొచ్చి, పంపు గొంతులో కూరుకుపోయింది. బాగుచేయడానికి దిగిన చీమలు వేళ్లలో చిక్కుకుని గిలగిలలాడుతున్నాయి. కింద నది అప్పుడే ఎర్రబడుతోంది.

"వరద అంచు మధ్యాహ్నానికి ఇక్కడికి చేరుతుంది," అంది తూనిక. "ఆ తరువాత, నడిమధ్య ఎడాన్ని పూడ్చే తాళపుతునకను మోస్తున్న బార్జి నిలవదు. వాపసుకు సిద్ధం చేస్తున్నాను."

"ఇసుక బస్తాలు?"

"ఎక్కించేసరికి సాయంత్రమవుతుంది."

"కొబ్బరికాయలు? లంకలో రాశులున్నాయి."

"అవీ అంతే. అంత బరువును ఇంత త్వరగా ఇక్కడికి మోసుకొచ్చే సాధనం లేదు."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండే కోపమూ వచ్చింది. లోపం లెక్కలో లేదు, దూలంలో లేదు. కట్టిందంతా నిక్షేపంలా ఉంది. ముష్టి గుర్రపుడెక్క వచ్చి ఊరిని ముంచుతోంది!

"ఇంజినీరమ్మగారూ!" ఒడ్డు నుంచి కేక. లంక ప్రెసిడెంటు మంగాయమ్మ రెండు చేతులూ ఊపుతోంది. ఆమె వెనక ఊరు ఊరంతా గట్టు మీద కిక్కిరిసి ఉంది. ఉతికిన బట్టలు, తలల్లో కనకాంబరాలు, చేతుల్లో పూతరేకుల పొట్లాలు. "ఏంటండీ ఇంకా ఆలస్యం? జనం తెల్లారగట్లే తలంట్లు పోసుకుని వచ్చేశారండి బాబూ! నిలబెట్టలేక చస్తన్నాను!"

సుభాషిణి ఆ జనాన్ని చూసింది. చూస్తూ ఉండిపోయింది. బస్తాలను మోయాలి, కాయలను మోయాలి. వీళ్లను ఎవరూ మోయక్కర్లేదు.

"తూనికా, వీళ్లందరినీ చేతి మీద కూర్చోబెడితే కొస ఎంత దిగుతుంది?"

"లెక్క కట్టలేను. తెరవని వంతెన మీద మనుషులు భారం కారు, అనుమతి లేనివారు. పైగా వాళ్లు కదులుతారు."

"కదులుతారు కాబట్టే అడుగుతున్నాను. నీటిసంచి నా మాట వింటుందా? వీళ్లు వింటారు."

"అనుమతి లేదు."

ఇక మిగిలింది పగ్గం ఒక్కటే. ప్రతి వంతెనకూ ఒక పగ్గం ఉంటుంది. రూపకర్త దాన్ని చేతిలోకి తీసుకుంటే తూనిక పక్కకు తప్పుకుంటుంది, చీమలు ఆమె మాటే వింటాయి. కాని పగ్గం పట్టిన రూపకర్త పేరు ఆ రోజే అన్ని వంతెనల నుంచీ చెరిగిపోతుంది. మళ్లీ ఇంకో వంతెన కట్టనివ్వరు. ఇంకా కట్టని వంతెనలు ఆమె తలలో బారులు తీరి ఉన్నాయి. అయినా ఆమె గట్టు మీదికి నడిచింది.

"మంగాయమ్మగారూ, అందరూ వినండి. పంపు చెడింది. చేతిని కిందికి దింపడానికి బరువు కావాలి. ఆ బరువు మీరే. వంతెన ఆగుతుందని నా లెక్క చెబుతోంది. తూనిక మాత్రం ఆ పూచీ ఇవ్వడం లేదు. భయమున్నవాళ్లు రావద్దు, నేనేమీ అనుకోను. పిల్లలూ గర్భిణులూ అసలే రావద్దు."

"భయమేంటండీ," అంది మంగాయమ్మ. "నా కోడలికి వరదలో, ఏరు దాటే పంటు మీద నొప్పులొచ్చాయండి. ఒడ్డు చేరేలోపే పుట్టాడు మనవడు. ఆ రోజు పడ్డ భయం ముందు ఇదెంతండీ? ఎక్కడ కూకోమంటారో చెప్పండి."

సుభాషిణి వంతెన మొదట్లో ఉన్న పగ్గం లాగింది. చెవిలో తూనిక గొంతు ఆగిపోయింది.

పంటులో కట్టుకునే తేలుడు చొక్కాలే అందరూ తొడుక్కున్నారు. వరసలు కట్టి వంతెన మీదికి బయలుదేరారు. నాలుగడుగులు వేశారో లేదో, దూలం ఉయ్యాలలా ఊగింది.

"అడుగులు కలపకండి!" అని అరిచింది సుభాషిణి. "పెళ్లి ఊరేగింపు కాదిది! ఎవరి నడక వాళ్లు నడవండి!"

ఎవరి నడక వాళ్లు నడవడం ఆ ఊరికి కొత్తేమీ కాదు. ఊపు ఆగింది. జనం వరసగా కూర్చున్నారు. మెరక వైపు నుంచి ఆకుపచ్చ కాంతితాడు వచ్చి, లంక కొసన ఉన్న కొలబద్ద మీద పడుతోంది. ఆమె కొలబద్దకు కళ్లు అతికించుకుని కూర్చుంది. బెత్తెడు మూడు వేళ్లయింది, మూడు రెండున్నరయింది. చెయ్యి దిగుతోంది! రెండు వేళ్ల దగ్గర ఆగిపోయింది.

"ఇంకా దిగాలి. బరువైనవాళ్లు కొస దగ్గరికి రండి."

ఒక్కరూ లేవలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇక్కడా సిగ్గేంటర్రా?" అంటూ మంగాయమ్మే లేచి, కొంగు బిగించి, అందరి కన్నా ముందుకొచ్చి కూలబడింది. నవ్వులు లేచాయి. వెనకే ఒక్కొక్కరు లేచి వచ్చారు. రెండు వేళ్లు ఒకటయింది, ఒకటి గోరంతయింది.

కింద బార్జి మీద, రోజూ పంటు నడిపే సరంగు ఏసుదాసు తాళపుతునకను పైకి లేపాడు. అది గాల్లో మెల్లగా తిరిగి, సందులోకి వాలుతోంది. ఇప్పుడు అవతలి కొస చెయ్యి చాస్తే అందేటట్టుంది. మెరక అంత దగ్గరగా, నడిచిపోగలిగేంత దగ్గరగా ఆ ఊరివాళ్లకు ఎన్నడూ కనిపించలేదు.

సరిగ్గా అప్పుడే జరిగింది. రోజూ పంటు మీద చేసే పనే చేశారు వాళ్లు. ఒడ్డు దగ్గరపడగానే ముందు దిగిపోవాలని ఊరంతా లేచి కొసకు ఎగబడింది.

చెయ్యి ఒక్కసారిగా కుంగింది. దూలాలు మూలిగాయి. గాల్లో ఉన్న తునక అంచు వచ్చి కొసకు కొట్టుకుని ఖంగుమంది. ఎవరో కెవ్వుమన్నారు. వెనక్కి పరుగెత్తితే ఊపు ఇంకా పెరుగుతుంది, నిలబడితే కొస విరుగుతుంది. సుభాషిణికి ఒక్క లెక్కా గుర్తు రాలేదు. రెండేళ్లుగా పొద్దునా సాయంత్రం పంటు మీద విన్న ఏసుదాసు కేక మాత్రం గొంతులోంచి తన్నుకొచ్చింది.

"ఒడ్డు రాలేదూ! కూకోండీ!"

ఊరంతా ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. ఆలోచించి కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ కేక వింటే వాళ్ల మోకాళ్లు వాటంతట అవే మడత పడతాయి. చెయ్యి రెండు మూడుసార్లు ఊగి, నెమ్మదించింది.

"అలాగే కూర్చుని వెనక్కి జరగండి," అందామె. "ఇంకొంచెం. ఇంకాస్త. మంగాయమ్మగారూ, మీరు కదలకండి!"

"ఆయ్, ఊపిరి కూడా పీల్చటం లేదండి!"

కాంతితాడు గీత మీదికి వచ్చి ఆగింది. తునక సందులోకి జారింది. చీమలు నాలుగు మూలలకూ పాకి శీలలు దిగ్గొట్టాయి. నాలుగోది దిగినప్పుడు ఆ దెబ్బ రెండు ఒడ్లనూ ఒక్కటి చేస్తూ సుభాషిణి అరికాళ్లలో మోగింది. ఆమె మెరక వైపు నాడిని, లంక వైపు నాడిని విడివిడిగా ఎరుగును. ఇప్పుడు రెండు లేవు. ఆమె మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వింది. అప్పుడుగాని ఊరివాళ్లకు లేవవచ్చని అర్థం కాలేదు. ఇక చూడాలి ఆ గోల!

ఆ గోలలోనే తూనిక మళ్లీ పలికింది. "తాళం పడింది. వాపసు రద్దయింది. ఖాళీ చేయాల్సిన ఊళ్ల నుంచి తుమ్మెదలంక పేరు తొలగించాను. వంతెనలన్నింటి నుంచీ సుభాషిణి గారి పేరు తొలగించాను."

"తెలుసు," అందామె కళ్లు తుడుచుకుంటూ.

తూనిక ఏదో లెక్కలో పడింది. లెక్కకు అంతసేపు తీసుకోవడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"సందేహం ఉంది," అంది చివరికి. "దిగువన పైడిలంక వంతెన దగ్గర కూడా పంపు ఆగింది. వరద అక్కడికి సాయంత్రానికి చేరుతుంది. పైడిలంక చిన్న ఊరు, అక్కడి మనుషులు చాలరు. ఇక్కడి బరువును అక్కడికి పంపమని ఆదేశించే నియమం నా దగ్గర లేదు."

"ఆదేశించకు. అడుగు."

"ఎలా అడగాలి?"

"గట్టిగా."

వంతెన పొడవునా ఉన్న హెచ్చరిక గొట్టాలన్నీ ఒక్కసారి గరగరమన్నాయి. జనం ఉలిక్కిపడి తలలెత్తారు. "తుమ్మెదలంక వారికి తూనిక నమస్కారం," అంది ఆ గొంతు, కొత్త కోడలిలా తడబడుతూ. "పైడిలంక వంతెనకు బరువు తక్కువైంది. సాయంత్రంలోపు కలవకపోతే దాన్ని విప్పేయాల్సి ఉంటుంది. విప్పేయాలని నాకు లేదు. మీరు వస్తారా?"

"అమ్మో, ఈవిడికి అడగడం కూడా వచ్చా!" మంగాయమ్మ బుగ్గలు నొక్కుకుంది. వెనక్కి తిరిగి ఊరిని ఒకసారి చూసింది. అందరూ అప్పుడే పొట్లాలు చంకన పెట్టుకుంటున్నారు. "వస్తామండి! మెరకన బళ్లు పెట్టించండి. పూతరేకులు అక్కడే పంచుకుంటాం, ఆళ్లవి కూడా నోళ్లే కదా!"

తూనిక మెరక వైపు గేటు తనంతట తాను తెరిచింది. ఊరు కదిలింది. ఎవరి నడక వాళ్లు నడుస్తూ, ఎర్రనీళ్ల మీద, తాళపుతునక మీదుగా అవతలికి సాగిపోతున్నారు. సుభాషిణి కూడా వట్టికాళ్లతోనే వాళ్లలో కలిసిపోయింది. మంగాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"సుభాషిణి గారూ," అంది తూనిక. "ఇప్పుడు మీకు ఏ అధికారమూ లేదు. పైడిలంక దగ్గర మిమ్మల్ని ఏ వర్గంలో చేర్చాలి?"

"అరవై మూడు కిలోలు," అందామె అడుగు ఆపకుండానే. "రాసుకో."