డిక్కీలో అక్క

పరుగు... ఒకటే పరుగు!

చెప్పు తెగిపోయినా ఆమె ఆగడం లేదు. వెనక్కి చూసే ధైర్యం లేదు. చూడక్కర్లేదు కూడా.

ఆ బూట్ల చప్పుడు బావదే!

ఇందాక సిగ్నల్ దగ్గర బావ కారు ఆగగానే డోర్ తీసి దూకేసింది; నుదురు రోడ్డుకి కొట్టుకుంది. దూకేముందు వినిపించింది... డిక్కీలోంచి మూలుగు.

అక్క!

బావ అక్కని కాల్చడం కళ్లారా చూసింది. చచ్చిందనుకుని ఆ దుర్మార్గుడు డిక్కీలో పడేశాడు. అక్క బతికే ఉందని వాడికి తెలీదు. తెలిస్తే ఇంకో గుండు దింపుతాడు!

ఎదురుగా సినిమా హాలు. తెల్లవార్లూ పాత జాంబీ సినిమాలట. దూరిపోతుంది.

పై ప్రాణాలు పైనే పోతాయి!

లాబీ నిండా శవాలు. ఊడిన కళ్లు, చిరిగిన బుగ్గలు... పాప్‌కార్న్ తింటున్నాయి!

మేకప్పులు. ఫ్యాన్సంతా జాంబీల్లా తయారై వచ్చారు.

"హెల్ప్! మా బావ నన్ను చంపేస్తాడు! పోలీసుల్ని పిలవండి!"

"అబ్బబ్బ! యాక్టింగ్ ఇరగదీశావమ్మా!" టికెట్లు చింపే ఆయన చప్పట్లు కొడతాడు. "ఆ రక్తం ఎక్కడ కొన్నావ్?"

డ్రెస్సంతా అక్క రక్తం. ఆమెకి ఏడుపు తన్నుకొస్తుంది.

సగం మొహానికి పుర్రె గీయించుకున్న పిల్లొకతి నవ్వుతూ దగ్గరికొస్తుంది. ఆమె నుదురు తాకుతుంది. నవ్వు ఆగిపోతుంది.

"అయ్యో... ఇది మేకప్ కాదండీ! నిజంగానే చీలింది!"

"నా సంగతి వదిలెయ్. సిగ్నల్ దగ్గర నల్ల కారు ఉంది. డిక్కీలో మా అక్క! అద్దం పగలగొట్టి, డ్రైవర్ సీటు పక్కన డిక్కీ తెరిచే లివర్ లాగు. నీకు దణ్ణం పెడతా!"

పుర్రె పిల్ల వెంటనే తలూపుతుంది. ఇద్దరు జాంబీల చొక్కాలు పట్టుకుని బయటికి లాక్కుపోతుంది.

వాళ్లు బయటికి... బావ లోపలికి!

ఆమె స్తంభం చాటుకి నక్కుతుంది. అంతలోనే గుర్తొస్తుంది. తను దొరక్కపోతే వాడు మళ్లీ కారు దగ్గరికే పోతాడు!

దాక్కోకూడదు.

"బావా! చేతనైతే పట్టుకో!"

చీకటి హాల్లోకి ఉరుకుతుంది. తెర మీద సమాధులు పగులుతున్నాయి. జనమంతా లేచి ఒక్క గొంతుతో మూలుగుతున్నారు.

తెర కింద దొరికిపోయింది.

డొక్కలో చల్లగా... తుపాకీ!

"మీ అక్కలాగే నీకూ నోరెక్కువే. పద కారు దగ్గరికి."

"రాను! ఇక్కడే చంపు!"

"చంపలేననుకుంటున్నావా? ఈ గోలలో పేల్చినా చప్పట్లే కొడతారు!"

నిజమే. 

ధడేల్... తలుపు తెరుచుకుంటుంది.

నడవలోంచి ఎవరో వస్తున్నారు. కాలీడుస్తూ... గోడ పట్టుకుంటూ... ఒళ్లంతా ఎర్రగా!

"వద్దండీ, అంబులెన్స్ వస్తోంది!" వెనక నుంచి పుర్రె పిల్ల గొంతు.

అక్క వినదు. నడుస్తూనే ఉంది. జనం ఈలలేస్తున్నారు.

బావ నోరు తెరుచుకుపోతుంది.

"నువ్వా... నువ్వు చచ్చావు కదే! నా చేతులతో కాల్చి పడేశాను కదే!"

ఆ కేక హాలంతా మోగిపోతుంది.

"సూపర్ డైలాగ్!" బాల్కనీలోంచి ఎవడో అరుస్తాడు.

"దాన్ని వదలరా..." అక్క పళ్లు బిగించి ఇంకో అడుగు వేస్తుంది. "నా చెల్లెల్ని వదలరా!"

తుపాకీ అక్క వైపు తిరుగుతుంది.

"అక్కా!!"

చెల్లెలు బావ మణికట్టుకి వేలాడి కసిగా కొరుకుతుంది. బావ విదిలిస్తాడు. పెనుగులాట...

ఢాం!

అక్క నిలబడే ఉంది. చెల్లెలు నిలబడే ఉంది.

బావ నవ్వుతాడు. నవ్వుతూనే ఎందుకో తన పొట్ట వైపు చూసుకుంటాడు. మోకాళ్ల మీద కూలిపోతాడు.

హాలంతా లేచి నిలబడి ఒకటే చప్పట్లు!

ఆ చప్పట్ల మధ్య అక్క నేల మీద చతికిలబడి, చెల్లెల్ని ఒళ్లోకి లాక్కుని బావురుమంటుంది.